స్మొలెన్స్క్ కోటగోడ: ఇటుకతో ఎందుకు కట్టారు, ఎలా కూలింది, ఇప్పుడు కనిపించేదాంట్లో అసలుది ఎంత?

ప్రశ్న: ద్నీపర్_గట్టు

రష్యా పడమటి అంచున ఉన్న స్మొలెన్స్క్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామందే ఉన్నారు. ఊళ్ళో ఎటు నడిచినా ఈ ఎర్ర కోటగోడ ఎదురవుతుంది. ఒక వీధిలో మూడంతస్తుల మేడంత ఎత్తున నిలబడి ఉంటుంది, రెండు సందులు దాటేసరికి జాడ ఉండదు, మళ్ళీ ఒంటరిగా ఒక బురుజు తేలుతుంది. 6.5 కిలోమీటర్ల గోడ, 38 బురుజులు అని అందరూ చెప్పే మాట. అందులో మిగిలింది ఎంత? మిగతాది ఎవరు పడగొట్టారు?

ఇంకో మూడు సందేహాలు కూడా. గోల్కొండలా రాతితో కాకుండా ఇంత పెద్ద గోడను ఇటుకతో కట్టడమెందుకు? 1609 నుంచి 1611 దాకా ఇరవై నెలల ముట్టడికి నిలిచిన కోట చివరికి ద్రోహం వల్ల పడిందా, మందుపాతర వల్ల పడిందా? గోడ చూస్తే కొన్నిచోట్ల ఇటుక కొత్తగా నున్నగా ఉంది, పక్కనే పెచ్చులూడి ఉంది. పాతదేదో మరమ్మతు ఏదో కంటితో చూసి చెప్పొచ్చా?

జవాబు 1: ఇటుకాసున్నం

ఇటుక సంగతితో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

గోల్కొండ కింద ఉన్నది గట్టి గ్రానైటు గుట్ట. రాయి కొట్టిన చోటే గోడ లేచింది. స్మొలెన్స్క్ కింద అలాంటి రాయి లేదు. మంచుయుగంలో హిమానీనదాలు తెచ్చి పోసిన బంకమట్టి, ఇసుక, గుండ్రాళ్ళే అక్కడి నేల. బంకమట్టి ఉంది, అడవి నిండా కట్టెలు ఉన్నాయి కాబట్టి ఇటుక కాల్చుకోవచ్చు. చెక్కుడు రాయి కావాలంటే మాత్రం దూరం నుంచి తెప్పించాల్సిందే. తెల్ల సున్నపురాయి స్తారిత్సా, రూజా ప్రాంతాల నుంచి బళ్ళ మీద వచ్చింది. అందుకే దాన్ని పొదుపుగా, అడుగుభాగంలో మాత్రమే వాడారు. గోడ పాదం దగ్గర నిలబడి చూడండి: కింద తెల్లరాతి దిమ్మల వరసలు, పైన ఇటుక. నేలలోంచి ఎక్కే తడికి, వాననీటి చిందులకు, బండి చక్రాల రాపిడికి రాయి తట్టుకుంటుందనే ఆ ఏర్పాటు. నేల పెరిగిన చోట్ల ఈ రాతి వరసలు కొంతో గొప్పో మట్టిలో పూడిపోయాయి.

పని మొదలైంది 1595 చివర్లో జారు (రష్యా చక్రవర్తి) ఫ్యొదోర్ ఇవానొవిచ్ ఆజ్ఞతో, వెనకుండి నడిపించినవాడు బోరిస్ గొదునోవ్. గోడ పూర్తయ్యేది 1602లో, అప్పటికి గొదునోవే జారు. కట్టిన మేస్త్రీ ఫ్యొదోర్ సవేల్యెవిచ్ కోన్. అంతకుముందు మాస్కోలో బేలీ గొరద్ గోడ కట్టింది ఈయనే (దాని ఆనవాళ్ళ మీదే ఇప్పటి బులివార్ వలయం ఉంది). పోలండ్-లిథువేనియాతో ఉన్న సంధి గడువు 1603తో తీరిపోతుంది, ఆలోగా పని ముగియాలి. దేశంలోని తాపీవాళ్ళనూ ఇటుకలు కాల్చేవాళ్ళనూ, చివరికి కుమ్మరులను కూడా స్మొలెన్స్క్‌కు పిలిపించారు. ఇది పూర్తయ్యేదాకా వేరే ఎక్కడా రాతి, ఇటుక కట్టడాలు చేపట్టకూడదని ఆజ్ఞ కూడా వేశారు. పైకి చూస్తే గర్వంగా చెప్పుకునే సంగతే గానీ, కట్టుబడి తెలిసినవాడికి ఇక్కడే అనుమానం రావాలి. గడువు తరుముతుంటే సున్నం పని పాడవుతుంది.

పునాది నాలుగు మీటర్లకు మించిన లోతు. మెత్తనేల ఉన్నచోట గుంత అడుగున ఓక్ గుంజలు దిగ్గొట్టి, సందుల్లో మట్టి కూరి, దాని మీద నిలువుగా అడ్డంగా లావు దుంగలు పరిచి, గళ్ళ నిండా మట్టీ రాళ్ళూ దట్టించారు. ఓక్ దుంగ నీటిమట్టం కింద ఉన్నంతకాలం గాలి తగలదు, కుళ్ళదు. నీటిమట్టం కిందకు దిగి దుంగ తల బయటపడిందంటే కొన్నేళ్ళలోనే మెత్తబడి, పైన గోడ చీలుతుంది. ఊళ్ళో వాగులు, లోయలు చాలా ఉన్నాయి కాబట్టి గోడ అడుగున నీళ్ళు పోవడానికి తూములు పెట్టి వాటికి ఇనుప ఊచలు బిగించారు. ఈ తూముల మాట గుర్తుంచుకోండి, ముట్టడి కథలో వాటికి పని ఉంది.

గోడ మందం 5 నుంచి 6 మీటర్లు, ఎత్తు చోటునుబట్టి 13 నుంచి 19 మీటర్లు. అంత మందమూ ఇటుకే అనుకోకండి. బయట ఒక ఇటుక గోడ, లోపల ఒక ఇటుక గోడ, నడుమ గుండ్రాళ్ళు వేసి సున్నం పోశారు. ఊరి వైపు ముఖంలో వరసగా కమాను గూళ్ళు కనిపిస్తాయి. ఆ గూళ్ళలోనే ఫిరంగి కంతలు ఉంటాయి. అక్కడ గోడ పలచబడుతుంది కాబట్టి తుపాకీవాడు నిలబడి పక్కలకు తిప్పి కాల్చగలడు. కాల్పులకు మూడు అంతస్తులు: పాదం దగ్గర ఒకటి, నడుమ ఒకటి, పైన కోటకొమ్మల వెనక ఒకటి. కోటకొమ్మలు మాస్కో క్రెమ్లిన్‌లో లాగే మధ్యలో చీలి రెండు కొమ్ములుగా ఉంటాయి. గోడ నెత్తిన నడిచే బాట నాలుగు మీటర్లకు పైగా వెడల్పు, దానికి ఇటుక పరుపు, పైన చెక్క కప్పు. ఆ కప్పు కేవలం సైనికుడి నెత్తికోసం కాదు, గోడ కడుపులోకి నీళ్ళు దిగకుండా కాపాడేదీ అదే.

జవాబు 2: పాతమందుగుండు

ద్రోహమా మందుపాతరా అంటే రెండూ. అయితే రెండూ పనిచేసింది అప్పటికే బలహీనంగా ఉన్న చోట్ల.

1609 సెప్టెంబరులో పోలండ్ రాజు మూడో సిగిస్మండ్ వచ్చి దిగాడు. లోపల సేనాని మిఖాయిల్ షెయిన్. ముందుగా గోడ బయటి పేటలను షెయిన్ మనుషులే తగలబెట్టారు, శత్రువుకు తలదాచుకునే చోటు, కట్టెపుల్ల దొరకకుండా. గేట్ల ముందు దుంగలతో పెట్టెల్లాంటి చట్రాలు కట్టి మట్టి, రాళ్ళు నింపారు. నేరుగా వచ్చి తలుపు కింద పేలుడు మందు పెట్టడం కష్టమయ్యేది అందువల్లే. అయినా సెప్టెంబరు చివరి దాడిలో తూర్పున అవ్రామియెవ్‌స్కీ గేటును మందుపెట్టి పేల్చగలిగారు, లోపలికి చొరబడి నిలదొక్కుకోలేకపోయారు.

తర్వాత చలికాలమంతా నేల కింది యుద్ధం. గోడ పునాది నాలుగు మీటర్లు దిగింది కాబట్టి సొరంగం అంతకంటే లోతుగా తవ్వాలి. లోపలివాళ్ళు గోడ పొడవునా కింద వినికిడి సొరంగాలు పెట్టుకున్నారు. పలుగు చప్పుడు ఎటునుంచి వస్తోందో కాపలావాడు విని చెప్తాడు, అటువైపు ఎదురు సొరంగం తవ్వి, మందు దట్టించి, ఇవతల గట్టిగా పూడ్చి, ముట్టిస్తారు. పూడ్పు వదులుగా ఉంటే పేలుడు వెనక్కి, తవ్వినవాళ్ళ మీదికే వస్తుంది. 1610 జనవరిలో పోలిష్ సొరంగాన్ని ఇలాగే పేల్చేశారు. ఈ పోటీలో షెయిన్ మనుషులదే పైచేయి.

ఆ ఏడు వేసవిలో రీగా నుంచి పెద్ద ఫిరంగులు వచ్చాకే గోడకు నిజమైన ముప్పు. పడమటి వైపు ఒక పలకల బురుజును, పక్క గోడను గుళ్ళతో కూల్చారు. పోలిష్ సైన్యం తెగిన సందులోంచి ఎక్కి వచ్చేసరికి లోపల కొత్తగా పోసిన మట్టికట్ట, దాని మీద ఫిరంగులు ఎదురయ్యాయి. ఆ వేసవి దాడులు విఫలమయ్యాయి. గోడ తెగినా కోట పడలేదన్నమాట. దాన్ని లోపలినుంచి తిన్నది స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు), ఉప్పు కొరత, మనుషులు తరిగిపోవడం. 1611 వేసవి నాటికి ఆరున్నర కిలోమీటర్ల గోడకు కాపలా నిలబడేంత మంది లేరు.

పాత కేలండరు ప్రకారం 1611 జూన్ 3 రాత్రి నాలుగు వైపుల నుంచి ఒకేసారి దాడి. ఆంద్రేయ్ దెదేషిన్ అనేవాడు లోపలినుంచి పారిపోయి గోడలో బలహీనమైన భాగం ఎక్కడుందో చెప్పాడు. శరదృతువు చివర్లో, తడిలో, హడావిడిగా కట్టిన భాగం అది. ఫిరంగులు అక్కడే గురిపెట్టి గోడ తెరిచాయి. ఇంకోవైపు నొవొద్వోర్‌స్కీ అనే మాల్టా వీరుడు క్రీలొషెవ్‌స్కీ గేటు దగ్గరి తూములో మందు కూరి పేల్చాడు. పైన జవాబులో చెప్పిన తూముల్లాంటిదే. తూర్పున, కాపలా పలచబడ్డ చోట, నిచ్చెనలు వేసుకుని ఎక్కేశారు. ఊళ్ళో మిగిలిన జనం కొండ మీది కెతీడ్రల్‌లో (పెద్ద చర్చిలో) చేరితే, దాని కింద నిలవ ఉన్న మందు పేలి అది కూలిపోయింది. షెయిన్ పట్టుబడి 1619 దాకా పోలండ్‌లో బందీగా ఉన్నాడు.

చిత్రమేమిటంటే 1632లో అదే షెయిన్ రష్యా సైన్యంతో వచ్చి, పోలిష్ చేతుల్లో ఉన్న ఇదే గోడను బయటినుంచి ముట్టడించాడు. గెలవలేకపోయాడు. 1634లో మాస్కోలో తల తీయించారు. రష్యాకు కోట దక్కింది 1654లో.

ద్నీపర్_గట్టు

శరదృతువులో కడితే గోడ ఎందుకు బలహీనమవుతుంది? సున్నం నెమ్మదిగా గట్టిపడుతుందని తెలుసు గానీ, పదేళ్ళు గడిచాక కూడానా? ఇంకోటి, ఈ గోడకు పది కోట్ల ఇటుకలు పట్టాయని చదివాను. నమ్మొచ్చా?

జవాబు 3: ఇటుకాసున్నం

సున్నం సిమెంటు కాదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారాలి. గాలి తగిలేది పైముఖానికే. అయిదు మీటర్ల గోడ నడిమధ్యకు గాలి చేరడానికి దశాబ్దాలు పడతాయి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. కాబట్టి పదేళ్ళకు కూడా కడుపు పచ్చిగా ఉండటం వింత కాదు.

మామూలుగా దీంతో ఇబ్బంది లేదు, ఎందుకంటే గోడ బరువును ముఖాల ఇటుక వరసలు మోస్తాయి. చిక్కల్లా మంచుతో. కట్టిన కొద్దివారాల్లోనే గడ్డకట్టే చలి పడితే సున్నంలోని నీరు మంచై దాదాపు 9 శాతం పెరుగుతుంది, అప్పుడే పట్టుకుంటున్న పొడిని విడదీసేస్తుంది. వసంతంలో అది కరిగాక చూస్తే సున్నం ఉంటుంది, పట్టు ఉండదు. వేలితో గీకితే రాలుతుంది. చెడిన ఆ పట్టు తర్వాత ఎన్నేళ్ళున్నా తిరిగి రాదు. అందుకే చలిదేశాల్లో సున్నపు పని శరదృతువు మొదట్లోనే ఆపి, తలపైన గడ్డీ చాపలూ కప్పి, వసంతంలో మళ్ళీ ఎత్తుకుంటారు. 1603 గడువు తరుముతుంటే ఆ ఓపిక ఎక్కడిది?

జవాబు 4: కొలతలమాస్టారు

పది కోట్ల ఇటుకలు వట్టి కోతేం కాదు, లెక్క వేసి చూడొచ్చు. పొడవు 6,500, మందం సగటున 5.5, ఎత్తు సగటున 15 మీటర్లు అనుకుంటే దాదాపు 5,36,000 ఘనపు మీటర్లు. అందులో సగం నడిమి రాళ్ళు, సున్నం, గూళ్ళు, కంతలు అని తీసేస్తే ఇటుక పని 2,68,000. పది కోట్లను దాంతో భాగిస్తే ఘనపు మీటరుకు 370 చిల్లర. మన దగ్గర మామూలు కొలత ఇటుక ఘనపు మీటరుకు 500 పడుతుంది. అక్కడి ఇటుక మనదానికంటే పొడుగు, వెడల్పు, కాబట్టి సంఖ్య తగ్గడం సబబే. ఏడు కట్టుబడి కాలాలకు పంచితే ఏడాదికి కోటీ నలభై లక్షలకు పైన. ఏడాదికి 150 పని రోజులు అనుకుంటే రోజుకు 95 వేలు. దేశంలో వేరే చోట ఇటుక పని ఆపేయడం ఎందుకో ఈ అంకెతో అర్థమవుతుంది.

38 బురుజుల లెక్క కూడా ఇక్కడే వేసేద్దాం: గేట్లున్నవి 9, గేట్లు లేని నాలుగు పలకలవి 13, పదహారు పలకలవి 7, గుండ్రనివి 9. సగటున 170 మీటర్లకు ఒకటి. ఒక బురుజు నుంచి తుపాకీ గుండు పక్క బురుజు వైపు సగం దూరం పోయినా చాలు, గోడ పాదంలో దాక్కునే చోటు మిగలదు. కొన్ని గేటు బురుజుల్లో దారి సూటిగా ఉండదు, లోపల మలుపు తిరుగుతుంది. తలుపు పగిలినా ఫిరంగి గుండు తిన్నగా ఊళ్ళోకి పోదు, దూసుకొచ్చేవాళ్ళు మలుపులో చిక్కుతారు. పై నుంచి దించే ఇనుప జల్లెడ తలుపు అదనం.

జవాబు 5: బాస్టియన్_పక్షం

కోట అభిమానులకు నచ్చదేమో గానీ ఒక మాట. 1602కే ఈ గోడ పాతకాలపు ఆలోచన. ఇటలీలో, నెదర్లాండ్స్‌లో అప్పటికే గోడను కిందకు దించి, మట్టి నింపి, ముందుకు పొడుచుకొచ్చే కోణాల బాస్టియన్లు కడుతున్నారు. ఎత్తైన నిలువు గోడ ఫిరంగికి పెద్ద గురి. పాదంలో కొన్ని మీటర్లు తెగితే పైనున్నదంతా దాని బరువుతో అదే కూలి, ఎక్కడానికి మెట్ల కుప్ప అవుతుంది. 1610 వేసవిలో గోడ తెగిన చోట కాపాడింది మట్టికట్టే అని పైన రాశారు కదా, అదే నా సాక్ష్యం. గెలిచిన పోలిష్‌వాళ్ళు కూడా పడమటి వైపు తెగిన చోట ఇటుక గోడ మళ్ళీ లేపలేదు, ఐదు కోణాల మట్టికోట పోశారు. లొపాతిన్‌స్కీ తోటలో రాజు బాస్టియన్ అని చూపించే గుట్ట అదే. నూరేళ్ళకు పీటర్ చక్రవర్తి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కోట మొదలుపెట్టినప్పుడు (1703) బురుజుల ఊసే లేదు, ఆరు బాస్టియన్లు.

కోన్ వైపు వాదన కూడా ఉంది. నిచ్చెనలు వేసుకుని ఎక్కేవాళ్ళను ఆపాలంటే ఎత్తు కావాలి. 6.5 కిలోమీటర్ల బాస్టియన్ కోటకు కావలసినంత సైన్యం స్మొలెన్స్క్‌లో ఎన్నడూ లేదు. ఇటుకకు ఒక మంచి గుణం కూడా ఉంది: మెత్తన. గ్రానైటు దెబ్బకు చిట్లుతుంది, సున్నపు ఇటుక గుండును మింగుతుంది. 1812 ఆగస్టులో నెపోలియన్ 12 పౌండ్ల ఫిరంగులతో ఈ గోడకు గండి కొట్టాలని చూసి కుదరక వదిలేశాడు. రష్యన్లు తమంతట తామే ఊరు ఖాళీ చేశారు. 12 పౌండ్లంటే దాదాపు ఆరు కిలోల గుండు, అది బయలులో సైన్యం మీద కాల్చేది. గోడ కూల్చే ఫిరంగి వేరు.

ఇక పడగొట్టింది ఎవరని అడిగారు. నెపోలియన్ కాల్పులతో సాధించలేనిది నవంబరులో వెనక్కి పోతూ మందుపెట్టి సాధించాడు: కనీసం ఎనిమిది బురుజులు పేల్చారు. ఇప్పటి విజయ కూడలి దగ్గరి మొలొఖోవ్‌స్కీ గేటు పోయింది అప్పుడే. కానీ కిలోమీటర్ల కొద్దీ గోడ పోయింది శత్రువుల వల్ల కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పాడుబడ్డ భాగాలను విప్పి ఇటుక వాడుకున్నారు, రోడ్లకు దారి ఇచ్చారు. 1930లలోనూ ఇళ్ళ కోసం విప్పారు. ద్నీపర్ నది వైపు గోడ దాదాపు మాయమైంది అందుకే. చివరికి మిగిలింది సగంలోపు: 3 కిలోమీటర్లకు కొంచెం పైన గోడ, 17 లేదా 18 బురుజులు.

జవాబు 6: ఇటుకాసున్నం

పాతదో కొత్తదో గుర్తుపట్టడానికి ఇటుకను కాదు, ముందు సందును (రెండు ఇటుకల నడుమ మసాలా నింపిన అతుకును) చూడండి. పాత సందు తెల్లగా లేదా పాలమీగడ రంగులో ఉంటుంది, అందులో సరిగా కలవని సున్నపు ఉండలు చుక్కల్లా కనబడతాయి, సందు మందం వరసకో తీరు. సిమెంటు సందు బూడిదరంగు, సమానం, గోటికి రాలదు. పాత ఇటుకల రంగు కూడా ఒకే గోడలో మారుతుంటుంది, బట్టీలో మంటకు దగ్గరున్నది ముదురు, దూరంగా ఉన్నది నారింజ. వందల ఇటుకలు ఒకే రంగులో, ఒకే అంచుతో కనిపిస్తే అది ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతు.

పెచ్చులూడేది సరిగ్గా ఈ రెండూ కలిసే చోటే. పాత గోడ తడిని సందుల్లోంచి బయటకు వదిలేస్తుంది. సందులు సిమెంటుతో మూస్తే తడి బయటకు పోయే దారి లేక ఇటుకలోకి మళ్ళుతుంది. మార్చి, నవంబరు నెలల్లో పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం రోజూ జరుగుతుంది. ఇటుక ముఖం వేలెడు మందాన పలకలుగా ఊడి, సిమెంటు సందు మాత్రం ఎముకలా పొడుచుకుని మిగులుతుంది. ఇటుక కంటే గట్టి మసాలా పాత గోడకు వాడకూడదనేది ఇందుకే. రెండో శత్రువు కప్పు లేకపోవడం. చాలాచోట్ల పైన చెక్క కప్పు ఎప్పుడో పోయింది, నీళ్ళు నేరుగా నడిమి రాళ్ళలోకి దిగుతున్నాయి. రాళ్ళు, సున్నం కింద పేరుకుని బయటి ముఖాన్ని తోస్తాయి. గోడలో పొట్ట పొడుచుకొచ్చినట్టు ఉబ్బు కనిపిస్తే, నెత్తిన చెట్టు మొలిచి ఉంటే, దాని కింద నిలబడొద్దు.

జవాబు 7: నడకదారి

చూడటానికి ఏప్రిల్ మొదట్లో గానీ అక్టోబరు చివర్లో గానీ వెళ్ళండి, ఆకులు ఉంటే సగం గోడ కనిపించదు. లొపాతిన్‌స్కీ తోటలో మట్టి బాస్టియన్ చూసుకుని, దగ్గర్లోని కొపితెన్‌స్కీ గేటు లోపలికి నడిచి దారి మలుపు గమనించండి. తర్వాత గ్రొమొవాయ బురుజు: లోపల మ్యూజియం ఉంది, అంతస్తుల మధ్య మెట్లు, కంతల వాలు దగ్గరగా చూడొచ్చు, పక్కనే ఫ్యొదోర్ కోన్ విగ్రహం. ఓపిక ఉంటే మిగతా పూటంతా తూర్పు వైపుకే ఇవ్వండి. అవ్రామియెవ్‌స్కీ గేటు, ఒర్యోల్, వెసెలూఖా బురుజుల వైపు గోడ తెగకుండా సాగుతుంది, లోయల్లోకి దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఎత్తు 13 నుంచి 19 దాకా ఎందుకు మారుతుందో అక్కడే తెలుస్తుంది. వెసెలూఖా దగ్గరి నుంచి ద్నీపర్ లోయ మొత్తం కనబడుతుంది.

కూలిన కొసల మీదికి ఎక్కొద్దు. పైన ఇటుకలు వదులు, నవంబరు నుంచి మార్చి దాకా మంచుతో జారుడు కూడా. రాలిన ఇటుక ముక్క కూడా జేబులో వేసుకోకండి, ఇది ఫెడరల్ రక్షణలో ఉన్న కట్టడం.